చివరి మూడు రోజులు మూత జోలికి పోకండి

ఎండలు ముదిరే కొద్దీ, ఇంక్యుబేటర్‌లో, అంటే కోడి బదులు గుడ్లు పొదిగే పెట్టెలో, గుడ్లు పెట్టినవాళ్ల నుంచి ఒకటే మాట వినబడుతోంది: ఇరవయ్యో రోజు దాకా గుడ్డులో కదిలిన పిల్లలు పెంకులోనే చచ్చిపోతున్నాయని. మెషిన్ బాగోలేదంటారు, గుడ్లు మంచివి కావంటారు. చాలాసార్లు కారణం రెండూ కాదు. మూత తీశారు.

కోడిగుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు. పద్దెనిమిదో రోజున గుడ్లు తిప్పడం ఆపి, తేమ 65–70 శాతానికి పెంచి, మూత వేసేయాలి. ఇక తీయకూడదు. పిల్ల పెంకుకు కన్నం పెట్టాక లోపలి పొరకు బయటి గాలి తగులుతుంది. మూత ఎత్తగానే తేమ పడిపోయి, ఆ పొర ఎండి పిల్లకు బిగుసుకుంటుంది. అది లోపల తిరగలేక చస్తుంది. మొదట వచ్చిన పిల్లను బయటికి తీయాలన్న ఆత్రమే మిగతావాటి ప్రాణం తీస్తుంది. ఆ పిల్లకు తొందరేమీ లేదు. పొట్టలోకి లాక్కున్న పచ్చసొనతో ఒక రోజు పైనే మేత, నీళ్లు లేకుండా ఉండగలదు.

కన్నం పడ్డాక బయటపడటానికి 12 నుంచి 24 గంటలు పట్టొచ్చు. అంతసేపూ పిల్ల ఊరికే ఉండదు, పొరలోని నెత్తురును, మిగిలిన సొనను లోపలికి తీసుకుంటుంది. గోటితో పెంకు ఒలిస్తే నెత్తురు కారేది అందుకే. ఒలవకండి. మూత తీయకండి.

వేసవిలో ఇంకో ప్రమాదం. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్, వేడినిచ్చే బల్బును ఆర్పగలదు గానీ పెట్టెను చల్లబరచలేదు. రేకుల గదిలో 42 డిగ్రీలుంటే పెట్టెలోనూ అంతకు తగ్గదు. ఫ్యాన్ ఉన్న మెషిన్‌లో 37.5 ఉండాలి, ఫ్యాన్ లేకపోతే గుడ్ల పైమట్టం దగ్గర 38.5. కరెంటు పోయి రెండు గంటలు చల్లారితే పిల్లలు రావడం ఆలస్యమవుతుందంతే. 40 దాటి గంటల తరబడి ఉంటే పిల్లలు దక్కవు.

డిస్‌ప్లేను నమ్మకండి, గుడ్ల మట్టంలో వేరే థర్మామీటరు పెట్టి సరిచూడండి. బల్బు పెట్టె థర్మోకోల్‌కు తగలకూడదు, మంట అంటుకుంటుంది. గుడ్లు కడగొద్దు. బీటలున్నవి పెట్టొద్దు. ఎండాకాలంలో ఐదు రోజులకు మించి దాచిన గుడ్లు తినడానికి వాడుకోండి. పద్దెనిమిదో రోజు వరకు రోజుకు మూడుసార్లకు తగ్గకుండా తిప్పండి. ఏడో రోజు టార్చితో చూసి, నరాలు కనబడనివి తీసేయండి. మురిగి పగిలితే మిగతావీ పోతాయి. గాలి కన్నాలు మూయొద్దు. కరెంటు పోతే, గది చల్లగా ఉంటేనే దుప్పటి కప్పండి. తేమ కోసం నీళ్లు పోసే గొట్టం ముందే అమర్చండి, లేదంటే నీళ్ల కోసం మూత తీస్తారు. ఫొటో కోసం మూత తీయొద్దు. ఇంట్లో చిన్నపిల్లలకు చూపించడానికీ తీయొద్దు. కన్నం పడి ఆగిన గుడ్డు ఏదీ లేదని అద్దంలోంచి చూసుకున్నాకే, ఆరిన పిల్లలన్నిటినీ ఒకేసారి 35 డిగ్రీల బ్రూడర్‌లోకి, అంటే పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలోకి, మార్చండి.