పెరటి కోళ్లు, పెరటి తోట – 5వ పాఠం: ముందు నీడ

కిందటి పాఠంలో గూడు కట్టుకున్నాం. ఇప్పుడు తలుపు తెరిచి కోళ్లను పెరట్లోకి వదలాలి. చాలామంది ఇక్కడే వెనకడుగు వేస్తారు. వారం తిరక్కుండానే పాదులన్నీ గుల్ల చేశాయని, ఒక్క మొక్కనూ బతకనివ్వడం లేదని కోళ్లను మళ్లీ గూట్లో బంధిస్తారు. పాపం, ఆ తప్పు కోళ్లది కాదు. వేసవిలో నీడ లేని పెరట్లో వదిలితే అవి కనిపించిన ఒక్క చల్లని చోటుకే చేరతాయి. అది మనం రోజూ నీళ్లు పోసే వంగ పాదో, కరివేపాకు మొదలో అవుతుంది.

ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. పెట్ట ముందు ఒక కాలితో, తరువాత రెండో కాలితో మట్టిని వెనక్కి చిమ్ముతుంది. ఒక అడుగు వెనక్కి వేసి తల వంచి చూస్తుంది. పురుగు దొరికితే ఏరుకుంటుంది, దొరకకపోయినా తవ్వుతూనే ఉంటుంది. అడుగున తడి మట్టి తగలగానే రెక్కలు వదులు చేసి, పొట్ట నేలకు ఆనించి కదలకుండా కూర్చుంటుంది. ఒంటి వేడిని నేలలోకి దింపుకుంటోందన్నమాట. ఈలోగా మొక్క వేళ్లు బయటపడి ఎండిపోతాయి.

కోడి ఒంటి ఉష్ణోగ్రత మామూలుగానే 41 డిగ్రీల పైన ఉంటుంది. దానికి చెమట పట్టదు. చుట్టూ గాలి 30 డిగ్రీలు దాటిందంటే ఇబ్బంది మొదలైనట్లే. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం 40 దాటినప్పుడు గాలికీ కోడి ఒంటికీ తేడా దాదాపు ఉండదు, లోపలి వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఇక నోరు తెరిచి రొప్పడం తప్ప దానికి గతి లేదు. అలా రొప్పుతున్నప్పుడు గొంతు కింది చర్మం టపటపా అదురుతుంది, రెక్కలు ఒంటికి ఎడంగా వేలాడతాయి. రొప్పేకొద్దీ రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, దాంతో గుడ్డు పెంకు పలచబడుతుంది. వేసవిలో గుడ్డు చేతిలోనే చిట్లుతుంటే ఆల్చిప్పల పొడి ఇంకాస్త వేయడంతో సరిపెట్టకండి. మిట్టమధ్యాహ్నం మీ కోళ్లు ఎక్కడ నిలబడుతున్నాయో వెళ్లి చూడండి.

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజ, గ్రామప్రియ రకాలను రూపొందించింది. వనరాజ ఒళ్లు బరువు. గ్రామప్రియ తేలిక, గుడ్ల కోసం పెంచేది. బరువైన కోడికి ఎండదెబ్బ ముందు తగులుతుంది గనుక వనరాజ ఉన్నవారు నీడ విషయంలో మరింత జాగ్రత్త పడాలి.

ఇక ఈ వారం నేర్చుకునే పని, నీడ పటం గీయడం. కాగితం మీద పెరటి హద్దులు, గోడలు, చెట్లు, గూడు గీసుకోండి. ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, 3 గంటలకు నీడ ఎంత మేర పడుతుందో మూడు రంగుల్లో గుర్తించండి. హైదరాబాద్ వారు ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. మన నగరం సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారుగా పాతిన కర్రకు ఆ క్షణాన నీడే ఉండదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరంగా నడుస్తాడు. జనవరిలో ఇంటికి ఉత్తరాన చల్లగా ఉన్న జాగాకు రోళ్లు పగిలే రోహిణి కార్తెలో నేరుగా ఎండ తగులుతుంది. చలికాలంలో గీసిన పటాన్ని నమ్ముకుని గూడు కట్టినవారు దాన్ని మే నెలలో మళ్లీ గీసి సరిచూసుకోవాలి. నడి వేసవిలో మధ్యాహ్నం గోడ నీడ ఎందుకూ చాలదు, పైనుంచి కప్పే నీడ కావాలి. మూడు గంటల ఎండ మాత్రం పడమటి నుంచి వాలుగా వస్తుంది, అది మరీ చురుకైన ఎండ. కాబట్టి చెట్టును పెరటికి పడమటి హద్దులో నాటండి. ఆ వేళకు దాని నీడ తూర్పుకు సాగి పెరట్లో పడుతుంది.

మునగ కొమ్మ నాటితే తొందరగా ఎదుగుతుంది. నీడ పలచన అయినా దాని ఆకు కోళ్లకు మంచి మేత. వేప, కానుగ నిదానంగా పెరిగి దట్టమైన నీడనిస్తాయి. మృగశిర కార్తె వానలు పడగానే నాటుకోండి. అవి ఎదిగేదాకా పందిరే ఆధారం. దొండ తీగ ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉంటుంది. బీర, సొర గింజలు జనవరి చివర్లో పెడితే ఎండలు ముదిరేనాటికి తీగ పందిరెక్కుతుంది. ఈ ఏడాదికి ఆ అదను దాటిపోయిందనుకుంటే కొబ్బరి మట్టలు గానీ షేడ్ నెట్ గానీ కప్పండి. మనిషి ఎత్తుకు తగ్గకుండా కడితేనే కింద గాలి ఆడుతుంది. తీగ కోడి ముక్కుకు అందని ఎత్తుకు చేరేదాకా మొదలు చుట్టూ ఇనుప జాలీ పెట్టాలి. మిగతా మొక్కల పాదుల్లో అరచేతి వెడల్పు రాళ్లు దగ్గర దగ్గరగా పరచండి, మొదలుకు మాత్రం రెండంగుళాలు ఖాళీ వదలండి. రాళ్లుంటే కోడి కాలు ఆడదు, తడి కూడా ఆరిపోదు.

పందిరి కింద కోళ్లకు ఒక గుంట కేటాయించండి. మట్టి గుల్ల చేసి, పొద్దున్నే చెంబెడు నీళ్లు చిలకరిస్తే చాలు. పక్కనే పొడిగా ఉండే చోట బూడిద కలిపిన మట్టి పోస్తే అందులో పొర్లి పేలు వదిలించుకుంటాయి. తమకంటూ ఒక చోటు దొరికిన కోళ్లు పాదుల వైపు వెళ్లడం బాగా తగ్గిస్తాయి.

నీళ్ల గురించి కూడా కాస్త పట్టించుకోవాలి. మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంతగా కాగుతాయి. వేడి నీళ్లు కోడి సరిగా తాగదు. తెల్లవారుజామున పట్టిన నీళ్లను మట్టి కుండలో నిల్వ చేసి, నీడలో రెండు మూడు మూకుళ్లలో పోయండి. నూకలు, జొన్నలు ఉదయం 9 లోపు, మళ్లీ సాయంత్రం 5 తరువాతే వేయండి. తిన్నది అరిగేటప్పుడూ ఒంట్లో వేడి పుడుతుంది. కోడి రొప్పుతూ వాలిపోతే నీడలోకి తెచ్చి కాళ్లు, తల మీది జుట్టు మామూలు నీళ్లతో తడపండి. ఐసు నీళ్లు పోయకండి.

రేకు కప్పు ఉన్న గూటికి పైన సున్నం కొట్టండి. తెలుపు ఎండను తిప్పి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో భవనాల కోసం తెచ్చిన కూల్ రూఫ్ (చల్లని పైకప్పు) విధానానికి మూలమూ ఈ సూత్రమే. సిమెంటు నిండిన మన వీధులు పగలు మింగిన వేడిని రాత్రంతా కక్కుతుంటాయి కాబట్టి గూటికి రెండు వైపులా జాలీ ఉండేలా చూసి రాత్రి గాలి ఆడనివ్వండి.

ఒక హెచ్చరిక. పచ్చి రెట్టలో రోగకారక సూక్ష్మజీవులు ఉండవచ్చు, అది మొక్కల వేళ్లను మాడ్చేస్తుంది కూడా. తోటకూర, కొత్తిమీర మడుల్లోకి కోళ్లను రానివ్వకండి. పైన కాయలు వేలాడే పందిరి కింద తిరగనివ్వండి. రెట్టను ఎరువుగా మాగబెట్టే పద్ధతి వచ్చే పాఠంలో చూద్దాం.

ఆ లోపు నీడ పటం పూర్తి చేసి, అందులో మూడు గంటల ఎండ తగిలే చోట్లకు సున్నా చుట్టండి. చెట్టు గుంటలు తీయవలసింది వాటికి పడమటి పక్కనే. రాలిన వేపాకు ఊడ్చి తగలబెట్టకండి, మీ వీధిలో వాళ్లనూ తగలబెట్టనివ్వకండి. బస్తాలకెత్తి ఓ మూల ఉంచండి. వచ్చే పాఠానికి ముందుగా కావలసినవి ఆ ఎండుటాకులే.