రీబిల్డ్ చేసిన పాత కారు ఇంజిన్ ఆగిపోతోందా? ముందు ఆగే తీరు చూడండి

బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేసి నెలల తరబడి కూర్చిన ఇంజిన్ చక్కగా స్టార్టయి, రెండు నిమిషాలకే ఆగిపోతే ప్రాణం ఉసూరుమంటుంది. మళ్లీ హెడ్ విప్పేద్దామనిపిస్తుంది. విప్పకండి. రింగులు, బేరింగుల్లో తేడా ఉంటే పొగ, చప్పుడు, ఆయిల్ ప్రెషర్ చెబుతాయి. ఆగిపోయే జబ్బు ఎక్కువగా పైన తిరిగి బిగించిన సామానులోనే ఉంటుంది.

కొత్త కామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ), దాని మీద జారే ఫ్లాట్ ట్యాపెట్లు వేసి ఉంటే ఇంకో జాగ్రత్త. మొదటి ఇరవై నిమిషాలు ఇంజిన్ 2000 ఆర్‌పీఎం దరిదాపుల్లో తిరగాలి. ఆగిన ప్రతిసారీ సెల్ఫ్ కొడుతూ పోతే కామ్ అరిగిపోతుంది. కారణం పట్టుకున్నాకే తాళం తిప్పండి.

తాళం వదలగానే ఆగుతోంది

బలాస్ట్ రెసిస్టర్‌ను అనుమానించండి. స్పార్క్‌కు హై వోల్టేజి ఇచ్చే కాయిల్‌కు వెళ్లే కరెంటును అది తగ్గిస్తుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు కాయిల్‌కు కరెంటు దాన్ని తప్పించుకుని నేరుగా వెళ్తుంది, ఆ తర్వాత దాని గుండానే వెళ్లాలి. అది తెగిందా, స్పార్క్ ఆగినట్టే. మీటరు పెట్టి చూసి, తెగితే మార్చండి. వైరుతో కలిపేసి నడిపితే కాయిల్, పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుని మూసుకునే కాంటాక్టులు) కాలిపోతాయి. కొన్ని కార్లలో విడిగా రెసిస్టర్ ఉండదు, వైరింగులోని ఒక వైరే ఆ పని చేస్తుంది.

స్విచ్ ఆపినట్టు ఠక్కున ఆగుతోంది

ఇది స్పార్క్ లోపం. వేడెక్కాకే ఆగి, చల్లారాక మళ్లీ స్టార్టయితే కండెన్సర్ లేదా కాయిల్. పాయింట్ల సందు ఫీలర్ గేజితో కొలవండి. నాలుగు సిలిండర్ల లూకాస్ డిస్ట్రిబ్యూటర్లలో చాలావాటికి అది 0.35 నుంచి 0.40 మి.మీ. డిస్ట్రిబ్యూటర్ లోపలి కామ్‌కు గ్రీజు రాయకపోతే కొత్త పాయింట్ల మడమ త్వరగా అరిగి సందు మూసుకుపోతుంది.

ఒకసారి నేను రెండు సాయంత్రాలు కార్బురేటర్‌తో కుస్తీ పట్టాను. తప్పేమో డిస్ట్రిబ్యూటర్ లోపల, బేస్ ప్లేటును ఎర్త్‌కు కలిపే సన్నని వైరులో ఉంది. పైన తొడుగు బాగానే ఉంది, లోపల పోగులు తెగాయి. ఇంజిన్ వాక్యూమ్ ఆ ప్లేటును లాగినప్పుడల్లా స్పార్క్ పోయేది. వేలితో ప్లేటును అటూ ఇటూ జరుపుతూ మీటరు చూస్తే తప్ప దొరకలేదు. ఇంజిన్‌కు కొత్త రంగు వేశారా? అయితే ఎర్త్ పట్టీ కింద రంగును ఇనుము కనబడేదాకా గీకండి.

దగ్గి, నీరసించి ఆగుతోంది

పెట్రోలు సరిగా అందడం లేదు. ఇంజిన్ చల్లారాక, దగ్గర నిప్పు లేకుండా చూసుకుని, కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ బౌల్ మూత తీయండి. ఖాళీగా ఉంటే వెనక్కి వెళ్లండి: టాంకులో తుప్పు, ఫిల్టర్, లోపలి పొర ఊడిన పాత గొట్టం. మెకానికల్ పంపు కింద గాస్కెట్ మందం ఎక్కువైతే లివర్‌కు కామ్ సరిగా తగలదు, రీబిల్డ్ తర్వాత ఇది తరచూ జరిగేదే. ఆగిన వెంటనే టాంకు మూత తిప్పితే బుస్సుమని గాలి లోపలికి పోతోందా? మూత గాలి రంధ్రం పూడిపోయింది. బౌల్ నిండి, ప్లగ్‌లు మసిబారితే పెట్రోలు ఎక్కువవుతోంది, ఫ్లోట్ ఎత్తు, నీడిల్ వాల్వ్ చూడండి.

రేస్ ఇస్తే నడుస్తుంది, స్లోలో ఆగుతోంది

స్లో స్క్రూ తిప్పి దీన్ని దాచేయకండి. ఇన్‌టేక్ మానిఫోల్డ్, కార్బురేటర్ గాస్కెట్ల చుట్టూ సన్నగా నీళ్లు చల్లండి. ఇంజిన్ తీరు మారితే గాలి దొంగదారి అక్కడే. బ్రేక్ బూస్టర్ గొట్టాన్ని కాసేపు నొక్కిపట్టి చూడండి. ఇవన్నీ బాగుంటే స్లోలో పెట్రోలు ఇచ్చే ఐడిల్ జెట్ విప్పి గాలి ఊదండి.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక మాత్రమే స్లోలో ఆగితే ట్యాపెట్లు బిగుతయ్యాయేమో చూడాలి. వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్ జారిపోతుంది. హెడ్‌ను మళ్లీ బిగించాల్సిన గాస్కెట్ అయితే పాత ఇంజిన్లలో ఆ బిగింపుతో తరచూ ట్యాపెట్ సందు ఇంకా తగ్గుతుంది కాబట్టి, ముందు హెడ్ టార్క్ (బోల్టుల బిగింపు), ఆ తర్వాతే ట్యాపెట్ల సర్దుబాటు.