వర్గమూలం తీసే ముందు గీత ఎక్కడుందో చూడండి

పర్లాకిమిడిలో సాయంత్రం నా దగ్గర లెక్కలు నేర్చుకునే డిగ్రీ పిల్లలకు పైథాన్ ప్రోగ్రామింగ్ బాగానే వచ్చు. కాలు జారేది సంకీర్ణ సంఖ్యల వర్గమూలం దగ్గరే.

ముందు పైథాన్‌లో సంకీర్ణ సంఖ్యల లెక్కలకు ఉన్న సీమాథ్ (cmath) మాడ్యూల్ తెచ్చుకోండి. మామూలు మాథ్ మాడ్యూల్‌ను -1 వర్గమూలం అడిగితే ఎర్రర్ ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. సీమాథ్ ఉన్న రెండు మూలాల్లో వాస్తవ భాగం రుణం కానిదాన్ని ఇస్తుంది. దానివల్ల రుణ వాస్తవాక్షం పొడవునా విలువ తెగుతుంది, అంటే ఆ గీత దాటగానే ఒక్కసారిగా మారిపోతుంది. ఆ గీతే బ్రాంచ్ కట్.

ఇప్పుడు జెడ్ వర్గం మైనస్ 1కి మూలం కావాలి. మొత్తానికి ఒకేసారి తీయవచ్చు. జెడ్ మైనస్ 1కి, జెడ్ ప్లస్ 1కి విడిగా తీసి గుణించవచ్చు. కాగితం మీద రెండూ ఒకటే అని మా పిల్లలు వాదిస్తారు. జెడ్ స్థానంలో -2 పెట్టి చూడమంటాను. మొదటి దారిలో 1.732 వస్తుంది. రెండో దారిలో -3 మూలం 1.732 ఐ, -1 మూలం ఐ (ఐ వర్గం -1), లబ్ధం -1.732. వాదన అక్కడితో ఆగుతుంది.

నా ఓటు రెండోదానికే. అందులో గీత -1 నుంచి 1 వరకే ఉంటుంది. మొదటిదానిలో కల్పితాక్షం మొత్తం కూడా తెగుతుంది. మీ సమాకలన (ఇంటిగ్రేషన్) మార్గం దాన్ని దాటితే జవాబు గల్లంతే.

సున్నా గుర్తునూ తేలిగ్గా తీసుకోకండి; గీతకు ఏ పక్కనున్నామో చెప్పేది అదే. వాస్తవ భాగం -1, కల్పిత భాగం 0.0 అయితే సంవర్గమానం (లాగ్) పై (π) ఐ, -0.0 అయితే మైనస్ పై ఐ. సున్నా గుర్తు పోకుండా ఆ సంఖ్యను కూడికలు, తీసివేతలతో కాకుండా పైథాన్‌లోని కాంప్లెక్స్ (complex) ఫంక్షన్‌కు రెండు భాగాలూ విడిగా ఇచ్చి తయారుచేయండి.