పాలీహౌస్ క్యాప్సికంలో బూడిద తెగులు: ఆకులన్నీ దూసేశాక కూడా ఎందుకు తిరిగొస్తుంది?

నవంబరు దాటిందంటే నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే. "అన్నా, కింది ఆకులన్నీ తీసేసినం, మందు కొట్టినం, మళ్ల వచ్చింది." నేను తిరిగి అడిగేది ఒకటే: ఆకు తిప్పి చూశారా? అవతల కాసేపు మాట ఉండదు. నారు నాటిన దగ్గర్నుంచి రోజూ సాళ్ల మధ్య నడిచేవాళ్లు కూడా ఆకును పైనుంచే చూస్తారు. క్యాప్సికంలో ఈ తెగులు కనిపించేది ఆకు అడుగున.

పైన కనిపించేది ఇదీ. ముదురు ఆకుల మీద అంచులు సరిగా తెలియని పసుపు మచ్చలు వస్తాయి. కొన్నాళ్లకు ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, తర్వాత కింది నుంచి ఆకులు రాలడం మొదలవుతుంది. మిర్చి వేసిన అలవాటున్న రైతు ఆ ముడత చూసి "పై ముడత, తామర పురుగే" అని తేల్చేసి పురుగుమందు కొడతాడు. వారం ఆగి ఇంకోసారి కొడతాడు. అలా పది రోజులు పోతాయి.

చూసే పద్ధతి తేలిక. మోకాలి ఎత్తులో ఉన్న ఆకు ఒకటి తెంపి, బోర్లా తిప్పి, వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకోండి. పైన పసుపు మచ్చ ఉన్నచోటే అడుగున పలుచగా తెల్లటి పొడి ఉంటే బూడిద తెగులే. పొడి లేకపోతే కొమ్మను తెల్ల కాగితం మీద దులపండి. సన్నటి పురుగులు పాకుతూ కనిపిస్తే అప్పుడు తామర పురుగుల సంగతి చూసుకోవచ్చు. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే.

ఆకులు దూసేస్తే పోదా?

పోదు. నేనూ ఒకప్పుడు పోతుందనే అనుకుని దెబ్బ తిన్నాను.

కీరా దోసలో బూడిద చూసినవాళ్లకు ఈ పొరపాటు సహజం. అక్కడ బూజు ఆకు పైపొర మీదే బతుకుతుంది, వేలితో తుడిస్తే వస్తుంది, ఎంతవరకు పాకిందో కంటికి తెలుస్తుంది. క్యాప్సికం మీదకు వచ్చేది వేరే శిలీంధ్రం, దాని పేరు లెవెల్లులా టారికా. అది పత్రరంధ్రాల గుండా ఆకు లోపలికి దూరి అక్కడే పెరుగుతుంది. పొడి రూపంలో బయటపడటానికి మూడు వారాల దాకా పట్టొచ్చు. అంటే ఈ రోజు మోకాలి దగ్గర పొడి కనిపించిందంటే, ఛాతీ ఎత్తులో పచ్చగా నిగనిగలాడుతున్న ఆకుల్లో చాలావాటిలో అది ఇప్పటికే చేరి ఉంటుంది. మీరు తీసేసేవి పొడి కనిపించిన ఆకులు. మిగిల్చేవి పొడి ఇంకా కనిపించని ఆకులు.

నా మొదటి పంటలో జరిగింది చెబుతాను. అర ఎకరం పాలీహౌస్, ఒక్కో మొక్కకు రెండు కొమ్మలు దారాలకు ఎక్కించిన పంట. కాయలు రంగు తిరగబోతున్నాయి. అడుగున బూడిద చూసి టెన్షన్ పడిపోయి, మనుషుల్ని పెట్టి రెండు రోజుల్లో మోకాలి నుంచి ఛాతీ దాకా ఆకులన్నీ దూయించాను. సాళ్లు శుభ్రంగా, గాలి ఆడేలా కనిపించాయి. చాలా మంచి పని చేశానన్నట్టు ఫోటోలు కూడా తీసుకున్నాను.

వారం తిరగకుండానే పడమటి ఎండ తగిలే వైపు కాయల మీద తోలు పాలిపోయి, కాగితంలా పలచబడి, లోపలికి దిగింది. తర్వాత ఆ మచ్చల మీద నల్ల బూజు పట్టింది. ఈ తెగులు కాయకు పట్టదు. ఆకు ఉన్నంతకాలం కాయకు నీడ దొరికింది, ఆ నీడను తెంపేసింది నేనే. పైన ఉన్న పిందెలు కూడా ఊరలేదు, కొన్ని రాలాయి, ఎందుకంటే వాటికి తిండి వండిపెట్టే ఆకుల్లో సగం సంచుల్లోకి పోయాయి. మూడో వారానికి మిగిలిన పై ఆకుల అడుగున తెల్ల పొడి వచ్చింది.

అందులో ఇంకో తప్పు కూడా ఉంది, అది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఆకులు దూయించింది మధ్యాహ్నం, సైడ్ కర్టెన్లు (షెడ్డు పక్కల ఉండే ప్లాస్టిక్ తెరలు) పూర్తిగా ఎత్తి. కూలీలు ఆకుల్ని చేతుల నిండా పట్టుకుని, బాగున్న సాళ్ల మీదుగా తలుపు దాకా మోశారు. ఈ పొడి అంతా గాలికి ఎగిరే విత్తనమే. మొలకెత్తడానికి దానికి ఆకు తడిగా ఉండాల్సిన పని లేదు, రాత్రి గాలిలో తేమ ఉంటే చాలు. పైన ప్లాస్టిక్ ఉంది కాబట్టి వాన కడిగేదీ ఉండదు. ఒక మూల ఉన్న తెగులును షెడ్డంతా చల్లించింది నేనే.

ఇప్పుడు నేను చేసే పద్ధతి

ముందు మందు, తర్వాత కత్తెర. లోపల దాగిన దానికి లోపలికి దిగే మందే కావాలి. అజాక్సీస్ట్రోబిన్ 23 శాతం మందు లీటరుకు 1 మి.లీ. చొప్పున కొడతాను. పది రోజుల తర్వాత రెండో విడతకు మైక్లోబుటానిల్, డబ్బా మీద రాసిన మోతాదులో. ఒకే మందు వరసగా కొట్టకండి, కొన్నాళ్లకు పని చేయడం మానేస్తుంది. నాజిల్ పైకి తిప్పి కింది నుంచి కొట్టాలి. పైనుంచి కొట్టి, మందు బాగోలేదని దుకాణం మీద పడేవాళ్లను చాలామందినే చూశాను. కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద ఉంటుంది, అది చదివాకే ట్యాంకు కలపండి.

నీటిలో కరిగే గంధకం, లీటరుకు 3 గ్రాములు, తెగులు రాకముందు బాగా పని చేస్తుంది. పొడి కనిపించాక దాని మీద ఆశ పెట్టుకోకండి, అది లోపలికి పోదు. షెడ్డులో వేడి 30 డిగ్రీలు దాటే వేళల్లో గంధకం కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టి ఉంటే రెండు వారాలు ఆగాలి.

మందు కొట్టిన మూడో రోజు ఉదయం, కర్టెన్లు ఎత్తకముందే ఆకులు తీయించండి. మొక్కకు రెండు మూడు ఆకులు, మళ్లీ వారానికి ఇంకో రెండు మూడు. అన్నిటికంటే కింద ఉన్న కాయ కోసేశాక, దాని కింది ఆకులు మాత్రమే. కాయకు నీడనిచ్చే ఆకు మీద మచ్చ ఉన్నా ఉంచేయాల్సిందే, సగం పచ్చగా ఉన్నా అది పని చేస్తూనే ఉంటుంది. ప్రతి మనిషి దగ్గరా ఖాళీ యూరియా సంచి ఉండాలి, ఆకు తెంపిన చోటే అందులో పడాలి. పని బాగున్న సాళ్లలో మొదలుపెట్టి తెగులున్న మూలలో ముగించాలి. సంచులు బయటికి తీసుకెళ్లి గోతిలో పూడ్చేయండి. తలుపు పక్కన కుప్ప పోస్తే తీసినట్టే కాదు.

పక్క పిలకలు గిల్లడం మాత్రం ఆపకండి. అది మొదటి నుంచి వారం వారం జరగాల్సిన పని. అది సరిగా జరిగిన షెడ్డులో నవంబరులో ఒకేసారి అంత దూయాల్సిన అవసరమే రాదు.

చుట్టుపక్కల మిర్చి, టమాటా ఉంటే అక్కడినుంచే వస్తోందేమో చూడండి, ఇదే శిలీంధ్రం వాటికీ పడుతుంది. పక్క షెడ్డులో కీరాకు బూడిద ఉందని మాత్రం కంగారు పడొద్దు, అది క్యాప్సికంకు ఎక్కదు. పొడి లేకుండా, ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి వాటి మధ్య మాత్రమే పసుపైతే మెగ్నీషియం లోపం కావొచ్చు. నీటిలో నానినట్టున్న నల్ల చుక్కలైతే బ్యాక్టీరియా మచ్చ, దానికి మందు వేరు. కారణం విత్తనం, నీళ్లు, మట్టి అంటూ ఇంకా దూరం వెళ్లేవాళ్లు ముందు పది ఆకులు తిప్పి చూసి రండి.

పంట చివరి నెలలో ఉండి, ఇంకో రెండు మూడు కోతలే మిగిలితే నేనైతే ఒక్క ఆకు కూడా తెంపను. ఉన్న కాయలు దించుకుని, మొక్కలు నిలబడి ఉండగానే ఒక విడత మందు కొట్టి, తర్వాత మొత్తం పీకి బయటికి పంపిస్తాను. ఖాళీ షెడ్డులో కలుపు కూడా ఉంచను, కొత్త నారు అప్పుడే లోపలికి తెస్తాను.