తుపాకీ అనుకోకుండా పేలితే: లక్షణం, కారణం, చేయాల్సిన పని

కర్నూలు, అనంతపురం, కడప వైపు లైసెన్సు తుపాకులంటే తరచుగా కనిపించేవి మూడు. శెనక్కాయ చేను కాపలాకు తీసుకున్న 12 బోరు డబుల్ బ్యారెల్, బ్యాంకు గార్డు భుజాన వేలాడే 12 బోరు, ఆత్మరక్షణకు తీసుకున్న పాయింట్ 32 రివాల్వరు లేదా పిస్టల్. వీటిలో ఏది పొరపాటున పేలినా తర్వాత వినిపించే మాటలు రెండే: "ఖాళీదే అనుకున్నా", "సేఫ్టీ వేసే ఉండింది". చెప్పేవాళ్లు అబద్ధమాడరు, నిజంగానే అలా అనుకుని ఉంటారు. అందుకే ఆ మాటల వెనక లోపల ఏం జరిగిందో విడదీసి చూడాలి.

ముందు ఖాళీ చేసే చోటు

కింద చెప్పే పరీక్షలన్నీ ఖాళీ తుపాకీతోనే చేయాలి. ఆ ఖాళీ చేసేటప్పుడే తుపాకీ పేలే అవకాశం ఎక్కువ. కడప బండలు పరిచిన గదిలో నిలబడి గొట్టం కిందికి పెట్టి ఖాళీ చేయొద్దు. బండ గట్టిది, నున్ననిది. దాన్ని తాకిన పెల్లెట్లు బండ పెళ్లలతో కలిసి నేల వెంబడి చిమ్ముతాయి, కింద కూర్చున్న పిల్లల ఎత్తులోనే. పైకి చూపించడమూ వద్దు. ఎండాకాలం మిద్దె మీద ఎవరు పడుకుని ఉంటారో తెలియదు.

పెరట్లో ఒక మూల పాత డ్రమ్ములో రెండడుగుల లోతున ఇసుక పోసి పెట్టుకోండి. గొట్టం మూతిని ఇసుక వైపు వాలుగా చూపాలి గానీ ఇసుకలో గుచ్చకూడదు. మూతిలో ఇసుక దూరితే ఏమవుతుందో కింద చెప్పాం. వేలు ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) బయట, చెక్క వెంబడి చాచి ఉండాలి.

"ఖాళీదే అనుకున్నా, పేలింది"

పిస్టల్ విషయంలో కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఖాళీ చేసే వరుస తప్పడం. మ్యాగజైను (తూటాలు పేర్చే డబ్బా) తీసేస్తే పిస్టల్ ఖాళీ అయినట్టు కాదు. ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోట, ఒక రౌండు (తూటా) మిగిలి ఉండొచ్చు. కొందరు ముందు స్లైడు (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే ఉక్కు భాగం) లాగి ఆ రౌండును బయటపడేసి, తర్వాత మ్యాగజైను తీస్తారు. ఈ రెండు పనులకూ మధ్య స్లైడు ముందుకు వెళ్తూ మ్యాగజైనులోంచి ఇంకో రౌండును ఛాంబర్‌లోకి తోసేస్తుంది. రౌండు బయటపడటం కళ్లారా చూశారు కాబట్టి అనుమానమే రాదు.

సరైన వరుస ఇది. మొదట మ్యాగజైను తీసి జేబులోనో బల్ల మీదో పెట్టాలి. తర్వాత స్లైడు పూర్తిగా వెనక్కి లాగి, రౌండు బయటపడ్డాక స్లైడును వెనకే ఆపి ఉంచాలి. ఛాంబర్‌లోకి వెలుతురులో చూడాలి, ఆపైన చిటికెన వేలు పెట్టి తడమాలి. చీకట్లో కన్ను మోసపోతుంది, వేలు మోసపోదు.

డబుల్ బ్యారెల్‌ను తెరిస్తే రెండు గొట్టాలూ ఒకేసారి కనిపిస్తాయి కాబట్టి తప్పు తక్కువ. తెరవకుండా "నిన్ననే తీసేశాను" అనుకోవడంతోనే చిక్కు. గార్డులు డ్యూటీ మారేటప్పుడు తుపాకీని తెరిచే ఇవ్వాలి, తీసుకునేవాడు ఇచ్చినవాడి ముందే మళ్లీ చూసుకోవాలి. తోటివాడి మీద నమ్మకం లేక అడుగుతున్నారని ఎవరూ అనుకోకూడదు.

"సేఫ్టీ వేసే ఉండింది, అయినా పేలింది"

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే సేఫ్టీ బిళ్ల గురించి చాలామందికి ఉన్న నమ్మకం తప్పు. మామూలు డబుల్ బ్యారెల్‌లో, పైకి హ్యామర్లు (తూటాను పేల్చే దెబ్బ కొట్టే సుత్తుల్లాంటి ముక్కలు) కనిపించని రకంలో, బొటనవేలికి అందే ఆ జారుడు బిళ్ల అడ్డుకునేది ఎక్కువగా ట్రిగ్గర్‌ను మాత్రమే. లోపలున్న హ్యామర్లకు దానితో సంబంధం ఉండదు. తుపాకీ తెరిచినప్పుడే ఆ హ్యామర్లు బిగుసుకుంటాయి. అంటే తూటా వేసి మూసిన తుపాకీ ఎప్పుడూ బిగించి ఉన్నట్టే లెక్క.

బిగిసిన హ్యామర్‌ను పట్టి ఉంచేది సియర్ అనే చిన్న ఉక్కు ముక్క. అది హ్యామర్ మీది సన్నని గాడిలో ఆనుకుని ఉంటుంది. తలుపు గొళ్లెంతో పోల్చుకోండి. గొళ్లెం అంచు గుండ్రంగా అరిగితే తాళం వేసున్నా ఒక్క గుద్దుకు తలుపు తెరుచుకుంటుంది. అలాగే గాడి అంచు అరిగినా, అందులో గట్టిపడిన నూనె, ఎర్రమట్టి దుమ్ము చేరి సియర్ పూర్తిగా దిగకపోయినా, బట్టు (భుజానికి ఆనించే చెక్క) నేలకు కొట్టుకున్న అదురుకే హ్యామర్ జారుతుంది. ట్రిగ్గర్‌ను ఎవరూ ముట్టుకోలేదు, సేఫ్టీ వేసే ఉంది, తుపాకీ పేలింది.

ఇంట్లో చేయదగ్గ పరీక్ష ఉంది. తుపాకీ ఖాళీ అని కంటితో, వేలితో చూసుకోండి. తూటాల పెట్టె వేరే గదిలో పెట్టండి. రెండు గొట్టాల్లోనూ డమ్మీ తూటాలు (మందు లేని, పేలని ఉత్తుత్తి తూటాలు) వేసి మూయండి. సేఫ్టీ తీయండి. నాలుగు మడతల కంబళి మీద బట్టును అరచేతి ఎత్తు నుంచి రెండు మూడుసార్లు దించండి, పక్కలను అరచేత్తో తట్టండి. లోపల "టక్" అని ఒక్కసారి వినిపించినా ఆ తుపాకీ మరమ్మతుకు వెళ్లేదాకా తూటా చూడకూడదు.

ట్రిగ్గర్ బరువు కూడా చూడండి. కొక్కెం ఉన్న స్ప్రింగు కాటాను ట్రిగ్గర్‌కు తగిలించి నిదానంగా వెనక్కి లాగాలి. ముందు ట్రిగ్గర్ సుమారు 1.6 కిలోల దగ్గర, వెనకది 1.8 కిలోల దగ్గర విడవడం పాత పద్ధతి లెక్క. కిలోంబావుకే విడిస్తే లోపల అరుగుదల ఉందనో, ఎవరో ఆకురాయి పెట్టారనో అర్థం. ట్రిగ్గర్ "తేలిగ్గా" ఉండాలని గాడి రాకించుకునేవాళ్లున్నారు, అది ప్రమాదాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడమే.

ఇంకో సంగతి. కొన్ని తుపాకుల్లో తెరిచిన ప్రతిసారీ సేఫ్టీ తనంతట తానే పడుతుంది, కొన్నింటిలో మనమే వేయాలి. ఒకదానికి అలవాటైన చెయ్యి రెండోదాన్ని పట్టినప్పుడు సేఫ్టీ పడిందనే అనుకుంటుంది. మీ తుపాకీ ఏ రకమో ఖాళీగా ఉన్నప్పుడు తెరిచి మూసి తెలుసుకోండి.

మూసేటప్పుడే పేలింది

తుపాకీ తెరిచి, గొట్టాల వెనక ఆనే చదునైన ఉక్కు మొహాన్ని చూడండి. అందులో రెండు చిన్న రంధ్రాలుంటాయి. హ్యామర్ కొట్టినప్పుడు వాటిలోంచి పిన్ను బయటికొచ్చి తూటా వెనక బొట్టులా కనిపించే క్యాపును పొడుస్తుంది. తెరిచినప్పుడు ఆ పిన్నులు పూర్తిగా లోపలికి వెళ్లిపోవాలి. వేలితో నిమిరితే ఏమీ తగలకూడదు. ఆవగింజంత ముక్క పైకి నిలిచి ఉన్నా, మూసిన విసురుకు అదే క్యాపును పొడుస్తుంది.

కారణం తుప్పు, గట్టిపడిన నూనె, లేదా విరిగిన చిన్న స్ప్రింగు. వంటనూనె తుపాకీకి వాడకూడదు. శెనగనూనె గానీ కొబ్బరినూనె గానీ నాళ్లు గడిచేకొద్దీ జిగురుగా మారి దుమ్మును పట్టేస్తుంది. పల్చటి తుపాకీ నూనె ఒకటి రెండు చుక్కలు చాలు. పిన్ను కదలకపోతే మేకుతో కొట్టొద్దు.

మూసే తీరు కూడా మార్చుకోండి. గొట్టాలను నేలవైపే ఉంచి, బట్టును పైకి తెచ్చి మూయాలి. గొట్టాలను విసురుగా పైకెత్తి మూస్తే, ఆ క్షణంలో పేలితే ఎదురుగా ఉన్నవాళ్ల నడుముకు తగులుతుంది.

కిందపడి పేలింది

పైన చెప్పిన సియర్ అరుగుదలే మొదటి కారణం. పైకి హ్యామర్లు కనిపించే పాత తుపాకుల్లో, పాత రివాల్వర్లలో ఇంకోటి తోడవుతుంది. హ్యామర్ దించే ఉన్నా, అది కొన్ని రకాల్లో నేరుగా క్యాపు మీదే ఆనుకుని ఉంటుంది. హ్యామర్ నేలకు తగిలేలా పడితే సుత్తితో కొట్టినట్టే. అలాంటి రివాల్వరులో హ్యామర్ కింది గదిని ఖాళీగా ఉంచి ఐదే వేసుకోవాలి. ఆరోది లేదన్న బెంగకంటే తొడలో గుండు పెద్ద బాధ.

ఎత్తిన హ్యామర్‌ను తూటా లోపల ఉండగా బొటనవేలితో దించడం ఇంకో ప్రమాదం. చెమటకు వేలు జారుతుంది. హ్యామర్లు కనిపించే డబుల్ బ్యారెల్ అయితే ముందు తుపాకీ తెరిచి తూటాలు తీసి, ఆ తర్వాతే దించండి.

బ్యాంకు గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీకి తుపాకీ ఆనించి టీకి వెళ్లొద్దు. నున్నటి నేల మీద బట్టు జారడానికి ఎవరో కుర్చీ జరిపితే చాలు. ఒక చేత్తో షట్టరు లాగుతూ రెండో చేత్తో తుపాకీ పట్టుకోవద్దు. ఒక చెయ్యి గట్టిగా బిగిస్తే రెండో చేతి వేళ్లు కూడా మనకు తెలియకుండానే ముడుచుకుంటాయి. కాలు జారినప్పుడూ, ఉలిక్కిపడినప్పుడూ అంతే. వేలు ట్రిగ్గర్ మీద ఉంటే అదే నొక్కేస్తుంది.

రెండు గొట్టాలూ ఒకేసారి పేలాయి

మొదటిదాని అదురుకు రెండో సియర్ జారింది, లేదా వేలు వెనక ట్రిగ్గర్‌ను కూడా తగిలింది. ఏదో తేలేదాకా తుపాకీ వాడొద్దు.

నొక్కితే పేల్లేదు, లేదా "తుస్"మంది

ఇక్కడ తొందరపడినవాడికే దెబ్బ. కొన్ని తూటాలు పిన్ను తగిలిన తర్వాత ఆలస్యంగా పేలుతాయి. గొట్టాన్ని మనుషుల్లేని దిక్కుకే పట్టుకుని, కదలకుండా కనీసం 30 లెక్కపెట్టండి. మందు కూరే పాత రకమైతే రెండు నిమిషాలకు తక్కువ కాకూడదు. ఆ తర్వాత మొహాన్ని పక్కకు తప్పించి తెరవాలి. డబుల్ బ్యారెల్‌లో రెండో తూటా ఇంకా బతికే ఉందన్నది మరిచిపోవద్దు.

తీసిన తూటా క్యాపు చూస్తే జబ్బు తెలుస్తుంది. గుంట లోతుగా పడి పేలకపోతే తూటా చెడింది. గుంట పైపైన ఉంటే స్ప్రింగు బలహీనపడింది, లేదా పిన్ను మొద్దుబారింది. గుంటే లేకపోతే పిన్ను విరిగింది, లేదా హ్యామర్ బిగియలేదు. ఆ తూటాను మంచివాటితో కలపొద్దు, విప్పొద్దు, పొయ్యిలోనో బావిలోనో వేయొద్దు. వేరే డబ్బాలో పెట్టి లైసెన్సున్న ఆయుధాల దుకాణంలో అప్పగించండి.

"తుస్" అని తక్కువ చప్పుడు, తక్కువ అదురు వచ్చిందంటే తూటాలో మందుకూ పెల్లెట్లకూ మధ్య ఉండే అట్టబిళ్ల గొట్టం మధ్యలోనే ఇరుక్కుని ఉండొచ్చు. రెండో తూటా వేసే ముందు తుపాకీ ఖాళీ చేసి, గొట్టంలోంచి వెలుతురు గుండ్రంగా కనిపిస్తోందో లేదో వెనకనుంచి చూడండి.

తూటాలు ఇలా చెడటానికి మన వాతావరణం, మన అలవాట్లు రెండూ కారణమే. మే నెల ఎండలో నిలిపిన జీపు డాష్‌బోర్డు మీద తూటాల పెట్టె ఉంచొద్దు. తోలు బెల్టులో నెలల తరబడి ఉంచితే ఇత్తడికి పచ్చని చిలుము పట్టి, తూటా ఛాంబర్‌లో బిగుసుకుంటుంది. ఉబ్బిన కాగితపు తూటాను తోసి ఎక్కించొద్దు.

గొట్టం ఉబ్బింది, చీలింది

మూతిలో మట్టి గానీ, కందిరీగ గూడు గానీ ఉండగా కాల్చారు. చేలో తుపాకీని మూతి కిందికి పెట్టి ఆనిస్తే నల్లరేగడి వేలెడంత దూరుతుంది. చేలోకి వెళ్లిన ప్రతిసారీ తూటా వేసేముందు గొట్టంలోంచి చూడాలి.

ఇంకో కారణం, బోరు తేడా. 20 బోరు తూటా సన్నగా ఉంటుంది. 12 బోరు ఛాంబర్‌లో వేస్తే జారి, కొంచెం ముందుకెళ్లి ఇరుక్కుంటుంది. ఛాంబర్ ఖాళీగా కనిపిస్తుంది, మీరు 12 బోరు తూటా వేస్తారు, అది వెళ్లి ముందుదాన్ని పేలుస్తుంది. గొట్టం పట్టుకున్న ఎడమచెయ్యి అక్కడే ఉంటుంది. ఇంట్లో రెండు బోర్ల తుపాకులుంటే తూటాలు వేర్వేరు పెట్టెల్లో, వేర్వేరు తాళాల కింద ఉండాలి.

తూటా పొడవు కూడా చూడండి. 65 మిల్లీమీటర్ల ఛాంబర్ ఉన్న తాతల నాటి తుపాకీలో 70 మిల్లీమీటర్ల తూటా దిగుతుంది, కానీ పేలాక విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. గొట్టం మీద ముద్రించిన అంకెను చదివించుకోండి.

మంచె ఎక్కుతుంటే, మంచం కింద నుంచి తీస్తుంటే

ఇక్కడ కారణం మూతి పట్టుకుని తనవైపు లాగడం. ఏదో ఒకటి ట్రిగ్గర్‌కు తగులుతుంది: మంచం నులక, జీపు సీటు కింది ఇనుము, కంచె కొమ్మ. మంచె ఎక్కేముందు తుపాకీ ఖాళీ చేసి కింద పెట్టాలి. పైకెక్కాక తాడుతో బట్టు వైపు నుంచి పైకి లాక్కోవాలి. కాలవ దాటేటప్పుడు, కంచె దాటేటప్పుడు, బైకెక్కేటప్పుడు కూడా ఖాళీయే.

రాత్రి చప్పుడు వైపు గురిపెట్టొద్దు. పక్క చేలో ఇంకో కాపలావాడు పడుకుని ఉంటాడు. ఆరో నంబరు పెల్లెట్లు 200 మీటర్ల దాకా పోతాయి, ఎల్‌జీ (పెద్ద గుండ్ల తూటా) దానికి మూడింతలు.

ఇంట్లో, పండగల్లో

ఆయుధపూజకు బయటికి తీసిన తుపాకీని ముందురోజే ఖాళీ చేసి, తెరిచిన స్థితిలోనే పూజలో పెట్టండి. బొట్టు చెక్క మీద పెట్టండి. పసుపు, కుంకుమ ట్రిగ్గర్ సందులోకీ పిన్నుల రంధ్రాల్లోకీ పోతే నూనెతో కలిసి ముద్దవుతుంది. పూజయ్యాక తుడిచి, తుపాకీ ఒక బీరువాలో, తూటాలు ఇంకో బీరువాలో, తాళాలు మీ దగ్గరే. దిండు కింద, బియ్యం డబ్బా వెనక దాచింది పిల్లలకు తెలియదనుకోవద్దు.

ఎన్నికల కోడ్ వచ్చి స్టేషన్‌లో అప్పగించడానికి బయలుదేరేటప్పుడు ఇంటి దగ్గరే ఖాళీ చేయండి, తిరిగి తెచ్చుకున్నప్పుడు మళ్లీ తెరిచి చూడండి.

పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చడం 2019 సవరణ తర్వాత ఆయుధాల చట్టంలో విడిగా నేరం. రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

మరమ్మతు ఎవరి దగ్గర

వెల్డింగు షాపు, కమ్మరి కొలిమి వద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ బాగుచేయడానికి విడిగా లైసెన్సు ఉండాలి. మీరు వెళ్లలేక కొడుకునో పాలేరునో పంపితే, మరమ్మతుకు తీసుకెళ్తున్నట్టు మీరు సంతకం చేసిన రాతపూర్వక అనుమతి వాళ్ల దగ్గర ఉండాలి. ఆ కాగితంలో లక్షణం కూడా రాయండి: "మూసేటప్పుడు ఎడమ పిన్ను పైకి నిలుస్తోంది", "కుడి ట్రిగ్గర్ 1.2 కిలోలకే విడుస్తోంది" అని. "పనిచేయడం లేదు" అని రాస్తే నూనె వేసి తిరిగి పంపేస్తారు. తుపాకీ తిరిగొచ్చిన రోజు కంబళి పరీక్ష, పిన్నుల పరీక్ష, కాటా పరీక్ష మళ్లీ చేసి, ఆ తర్వాతే తూటాల బీరువా తెరవండి.