రీఫ్ ట్యాంకుకి (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియానికి) ఏ ఉప్పు కొనాలి?
తిరుపతిలో మా ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పొర చూస్తే చాలు, ఈ బోరు నీళ్లలో ఎంత మంచి ఉప్పు కలిపినా డబ్బా మీద రాసిన లెక్క తప్పుతుందని తెలిసిపోతుంది, కాబట్టి ముందు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) సున్నా ఉన్న ఆర్ఓడీఐ నీళ్లు (ఆర్ఓ, డీఅయనైజేషన్ ఫిల్టర్లలో శుద్ధి చేసినవి) చూసుకోండి. వంటింటి ఉప్పు అస్సలు వద్దు.

ధర కంటే ముందు డబ్బా మీద ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి, డీకేహెచ్‌లలో కొలుస్తారు) చదవండి. 8 డీకేహెచ్ దగ్గర నడిపే ట్యాంకులో 12 ఇచ్చే ఉప్పు వాడితే నీళ్లు మార్చిన ప్రతిసారీ ఆ అంకె ఎగిరి పడుతుంది, పగడాలకి అసలు దెబ్బ అదే. కాల్షియం 420, మెగ్నీషియం 1300 పీపీఎం (పది లక్షల్లో వంతులు) దగ్గరుంటే చాలు.

లీటరుకి సుమారు 36 గ్రాములు. నీళ్లలోకి ఉప్పు పోయండి, ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం తెల్లగా విరిగిపోతుంది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో 35 పీపీటీ (వెయ్యిలో వంతులు) రావాలి. గడ్డకట్టిన సంచి మాత్రం కొనొద్దు.