మంచు మూతపడకముందే చేపల కుంటలో చేయాల్సిన పనులు

కుంట తవ్విన మొదటి ఏడాది, చలికాలం పోయి పైన మంచు కరిగిన రోజు చూస్తే మూడు గోల్డ్‌ఫిష్‌లు వెల్లకిలా తేలుతున్నాయి. చలికి పోయాయనుకున్నాను. కర్రతో అడుగు కెలికేసరికి కుళ్ళిన కోడిగుడ్డు కంపు గుప్పున కొట్టింది. ఆకులు రాలే రోజుల్లో ‘తర్వాత తీద్దాంలే’ అని వదిలేసిన చెత్తంతా అడుగున నల్లటి ముద్దయి ఉంది. అది కుళ్ళుతూ నీళ్లలోని ఆక్సిజన్ లాగేసింది. పైన మంచు మూత ఉండటంతో ఆ కుళ్ళులోంచి పుట్టిన విషవాయువు బయటికి పోయే దారి లేకపోయింది.

గోల్డ్‌ఫిష్, కోయి చేపలు చలికి తట్టుకుంటాయి. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉండి అడుక్కి దిగుతాయి. పైన గడ్డకట్టినా కింద ఆ కాస్త వెచ్చదనం నిలుస్తుంది. చేపలు అక్కడికి చేరి, కదలకుండా చలికాలం గడిపేస్తాయి. అందుకు కుంటలో ఒక్కచోటైనా రెండున్నర, మూడు అడుగుల లోతు ఉండాలి. చలి మరీ ఎక్కువుండే చోట్ల ఇంకా లోతు కావాలి. అంత లోతు లేకపోయినా, ఉన్నవి వేడి దేశాల చేపలైనా, ఆలోచించకుండా లోపల తొట్టిలోకి మార్చేయండి.

ఇక అసలు పని ఆకులది. మొదటి ఆకు రాలకముందే కుంట మీద వల కట్టాలి. నేను తొలిసారి వదులుగా కట్టాను. ఆకులు తడిసి బరువెక్కి, వల నడుమ జారి నీళ్లలో మునిగింది. ఆకులన్నీ అందులో టీ పొడిలా నానాయి! ఇప్పుడు కింద అడ్డంగా రెండు కర్రలు పెట్టి బిగించి కడుతున్నాను. అప్పటికే అడుగున చేరిన బురదను చేతివలతో మెల్లగా తోడాలి, ఒక్కరోజులో కాదు, నాలుగైదు రోజుల్లో కొంచెం కొంచెంగా. తోడిన ముద్దను వెంటనే పారేయకండి. ఒక రాత్రి గట్టు మీదే ఉంచితే అందులోని తూనీగ పిల్లలు, నత్తలు పాక్కుంటూ మళ్లీ నీళ్లలోకి దిగుతాయి. కప్పలు కూడా అడుగు బురదలో చలికాలం గడుపుతాయి కాబట్టి మొత్తం తోమి మెరిపించాల్సిన పని లేదు.

మొక్కల సంగతి చిన్నదే. గుర్రపు డెక్క, అంతరతామర చలికి చచ్చి కుళ్ళిపోతాయి, తీసేయండి. చలికి ఓర్చే కలువల ఎండుటాకులు కత్తిరించి, కుండీని లోతైన చోటికి దించండి.

మేత విషయంలో బయటి గాలి వెచ్చగా ఉందని మోసపోవద్దు. తాడుకి థర్మామీటర్ కట్టి లోతున ఎంత ఉందో చూడాలి. 15 డిగ్రీలకు దిగితే గోధుమ మొలకతో చేసిన, తేలిగ్గా అరిగే మేత, అదీ తక్కువగా. 10కి దిగితే పూర్తిగా ఆపేయాలి. చల్లటి నీళ్లలో చేపల అరుగుదల దాదాపు ఆగిపోతుంది కాబట్టి తిన్నది పొట్టలోనే ఉండిపోతుంది. పైగా వ్యర్థాలను శుద్ధి చేసే బ్యాక్టీరియా కూడా ఆ చలికి మందగిస్తుంది. ఎండ కాసిన మధ్యాహ్నం చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే మా అమ్మాయి ‘నాన్నా, పాపం ఆకలేస్తోంది’ అంటూ నా ప్రాణం తీస్తుంది. మేత డబ్బా అటక మీద పెట్టేశాను.

పంపు అడుగున ఉంటే వెచ్చని నీళ్లని పైకి లాగి, చల్లవాటిని కిందికి తోస్తుంది. దాన్ని ఆపి తీసేయండి, గొట్టాల్లో నీళ్లు పూర్తిగా వంచేయండి. గడ్డకట్టి ఉబ్బితే గొట్టం పగులుతుంది. నీళ్లలో పాచిని అదుపు చేసే యూవీ లైటు ఉంటే దాని గాజు గొట్టం ఇంట్లోకి తెచ్చుకోండి.

చివరిగా, మంచులో ఒక రంధ్రం. తేలే చిన్న హీటర్ వేస్తే చాలు, అది కుంటనంతా వేడి చేయదు, తన చుట్టూ గడ్డకట్టకుండా చూస్తుంది అంతే. లేదా గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ పెట్టండి, కానీ అడుగున కాదు, పై నుంచి ఒక అడుగు లోతులో. ఏది పెట్టినా షాక్ కొడితే కరెంటు కట్ చేసే బ్రేకర్ ఉండి తీరాలి.

ఒకవేళ పూర్తిగా మూసుకుపోతే సుత్తి పట్టుకోవద్దు. రెండో ఏడాది నేను టెన్షన్‌లో ఆ పనే చేశాను. దెబ్బ దెబ్బకీ అడుగున చేపలు చెల్లాచెదురై గోడలకు గుద్దుకున్నాయి. ఆ అదురు నీళ్లలో నేరుగా వాటి ఒంటికి తగులుతుంది. ఇప్పుడైతే వేడినీళ్ల గిన్నెను మంచు మీద పెట్టి, కాసేపటికి గుండ్రంగా కరిగి దిగుతుంటే తీసేస్తాను. గిన్నెకి తాడు కట్టుకోండి, నాది ఒకటి ఇప్పటికీ కుంట అడుగునే ఉంది. మంచు కురిస్తే మెత్తని చీపురుతో కొంత మేర ఊడ్చి వెలుతురు పోనివ్వండి, దాని మీద మాత్రం నడవొద్దు.

ఆ తర్వాత చేపల జోలికి పోకండి. చలి తగ్గాక లోతున ఉన్న థర్మామీటర్ వారం పాటు వరుసగా 10 పైనే చూపిస్తేనే నేను అటక ఎక్కుతాను.